నా వరకు మన్నించాను

సయామ డా సో న్యున్ గురించి ఊళ్ళో ఎవరినడిగినా ముందు ఆవిడ బెత్తం గురించి చెబుతారు. సయామ అంటే ఇక్కడ పంతులమ్మ, డా అంటే గారు. ఆ బెత్తం మాట ఒట్టి కోతలు. ముప్ఫై ఏళ్ళు ఆవిడ ఎదురింట్లో బతికినదాన్ని, ఆవిడ చేతిలో బెత్తం నేనెన్నడూ చూడలేదు. ఆవిడకి బెత్తంతో పనేముంది? పిల్లాడు పాఠం అప్పజెబుతూ ఒక్క మాట మింగితే చాలు, "మళ్ళీ చెప్పు" అనేది. గొంతు కూడా పెంచేది కాదు. వాడు మొదటినుంచి ఎత్తుకునేవాడు, వాడితో పాటు తరగతి తరగతంతా ఎత్తుకునేది. మా ఊరు లెప్పాన్‌చౌంగ్‌లో మూడో తరగతి చదివిన ప్రతివాడి ఒంట్లోనూ ఆ రెండు మాటలు ఇంకిపోయి ఉంటాయి.

బడి గడప దాటితే మాత్రం ఆవిడంత పిరికిది ఇంకొకతె లేదు. ఉరుమంటే భయం, కుక్కంటే భయం. వంటింట్లో జెర్రి కనిపిస్తే వీధిలోకి పరుగెత్తుకొచ్చి "మా పే! మా పే! చీపురు పట్టుకురా!" అని కేకలు పెట్టేది. ఆ మా పేని నేనే. నా అసలు పేరు పైడమ్మ. మా తాత కళింగపట్నం నుంచి రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి ఓడెక్కాడు, మేం ఈ బర్మాలోనే మిగిలిపోయాం. సయామ ఇంటి ఎదురుగా నాది ఉడికించిన బఠానీలు, పరోటాల కొట్టు. నా పేరు నోరు తిరక్క వీళ్ళు మా పే చేశారు. మా అంటే అక్క, పే అంటే బఠానీ. బఠానీలక్కనన్నమాట. పెట్టినవాడి నోట్లో మన్ను పడ, సరిగ్గానే పెట్టాడు.

సయామకి మొగుడు తొందరగా పోయాడు. ఉన్నది ఒక్క కూతురు, ఇన్‌జిన్. అది ఇక్కడి ఒక పువ్వు పేరు. మా అత్త బతికున్నన్నాళ్ళూ "ఇంజనొచ్చిందర్రా, గేటు తియ్యండి" అని ఏడిపించేది. ఆ పిల్ల కూడా తక్కువది కాదు, నోటితో రైలు కూత పెట్టుకుంటూ వచ్చి మా గడపలో చతికిలబడి, చేతిలో పరోటా పెట్టేదాకా కదిలేది కాదు. నాకు ఆడపిల్లలు లేరు. ఇంక చెప్పక్కర్లేదు కదా.

ఆ వానాకాలం ప్రభుత్వం దిగిపోవాలని దేశమంతా వీధుల్లో ఉంది. కాలేజీ పిల్లలు ముందు, మిగతా అందరూ వెనకాల. అప్పటికి కాలేజీకొచ్చిన ఇన్‌జిన్ రేవు దగ్గర పీపా ఎక్కి ఉపన్యాసమిచ్చింది. నేను కూడా కొట్టు మూసి వెళ్ళి విన్నాను, సగం అర్థమైంది, మొత్తానికి చప్పట్లు కొట్టాను. తర్వాత ఒక సాయంత్రం రేడియోలో పాటలు ఆగిపోయి సైనిక బాజాలు మొదలయ్యాయి. సైన్యం దేశాన్ని తన చేతుల్లోకి తీసుకుందన్నారు. మర్నాడు వంతెన మీద ఊరేగింపు వెళుతుంటే కాల్చారు. మా వీధిలో టోఫు అమ్ముకునే డా ఓన్ కొడుకు అక్కడే పోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

అప్పుడే మా ప్రాంతానికి కమాండర్‌గా ఔన్ న్యేన్ వచ్చాడు. మన భాషలో ఔనంటే సరేననడం కదా. వాడి పేరు విన్నప్పుడల్లా నాకు లోపల నవ్వు, పైన వణుకు. పరాయివాడు కాదు, ఈ ఊరివాడే. వలలు అల్లుకునేవాళ్ళ ఇంట్లో పుట్టి, సయామ దగ్గర మూడో తరగతి చదివి, పట్టాళంలో చేరి నక్షత్రాలు తగిలించుకుని తిరిగొచ్చాడు. రాజధానిలో గద్దె మీద ఎవరున్నా, మా నదికి ఈ పక్కన రాజ్యం వాడిదైపోయింది. పోలీసు అధికారిని ఎక్కడో కొండల్లోకి తోలేశాడు. పేటపేటకీ పాత పెద్దల్ని తీసేసి తన మనుషుల్ని పెట్టాడు. బియ్యం గోదాముల తాళాలు తన బావమరిది మొలకి కట్టాడు. ప్రతి ఇంటి దడికీ సున్నం కొట్టాలన్నాడు, కొట్టాం. ఐదుగురు ఒకచోట కూడకూడదన్నాడు. ఇంక చూస్కోండి నా కొట్లో తమాషా! నలుగురే కూర్చోవాలి. ఐదోవాడొస్తే ఎవడో ఒకడు నోట్లో ముద్దతో లేవాలి. నవ్వుకుంటూ లేచేవాళ్ళు మొదట్లో. లెక్క తప్పినందుకు ఇద్దర్ని లారీ ఎక్కించాక నవ్వడం మానేశారు.

ఇన్‌జిన్‌ని పట్టపగలు తీసుకెళ్ళారు. సయామ బడినుంచి ఇంకా రాలేదు. ఆ పిల్ల పెరట్లో బట్టలు ఆరేస్తోంది. జీపు ఆగడం, నలుగురు దిగడం, తడిబట్ట చేతిలో ఉండగానే తీసుకుపోవడం, అంతా నా కళ్ళముందే. నేను అట్లకాడ కింద పెట్టి గడప దాకా వెళ్ళాను. ఒకడు తుపాకీ నా వైపు తిప్పలేదు కూడా, ఊరికే చూశాడు. ఆ చూపుకే నా కాళ్ళు అక్కడే ఉండిపోయాయి. తర్వాత తెలిసింది, నది ఒడ్డున మూతపడ్డ బియ్యం మిల్లులో పెట్టారని. ఆ మిల్లు వైపు పడవలు కూడా ఆవలి గట్టు పట్టుకుని పోయేవి.

సయామ రోజూ పాలగిన్నె మూతపెట్టి పట్టుకుని మిల్లు గేటు దాకా వెళ్ళేది, గిన్నెతోనే తిరిగొచ్చేది. కుక్కంటే భయపడే మనిషి, అక్కడ రెండు వేటకుక్కలుండేవి, ఎలా వెళ్ళేదో నాకు తెలీదు. తిరిగొచ్చాక గిన్నె నా బల్ల మీద పెట్టి, "అడగలేకపోయాను మా పే. నోరు పెగల్లేదు" అనేది. ప్రతిరోజూ అదే మాట.

కమాండరుకి అన్నీ చిక్కాయి, ఒక్కటి చిక్కలేదు. ఊరి పెద్దలు తనని పెద్దగా ఒప్పుకున్నారని నలుగురికీ కనపడాలి. పెద్ద మఠానికి కబురంపాడు, భోజనానికి రమ్మని. పెద్ద భిక్షువుకి విరేచనాలు పట్టుకున్నాయన్నారు. ఆయన శిష్యులు అందరికీ కూడా సరిగ్గా ఆ రోజే పట్టుకున్నాయట! ఊరు ఊరంతా లోపల్లోపల పొట్టపట్టుకుని నవ్వింది. ఆ నవ్వు వాడి చెవిన పడింది. భిక్షువులు రాకపోతే గురువులున్నారు కదా అనుకున్నాడు.

ఆ కబురు తెచ్చినవాడు కెప్టెన్ మిన్ ఖాంగ్. పాతికేళ్ళుంటాయేమో, పాలుగారే ముఖం, మాటకి ముందొక "అండి" మాటకి వెనకొక "అండి". పొద్దున్నే నా కొట్టుకొచ్చాడు. అప్పటికి లోపల నలుగురున్నారు, వాడు ఐదోవాడు. ఒకడు కాదు, నలుగురూ ఒక్కసారే లేచి పోయారు. ఒకడి పరోటా సగంలోనే ఉంది. కెప్టెన్ ఆ పళ్ళెం మర్యాదగా పక్కకి జరిపి కూర్చుని, సయామని పిలిపించమన్నాడు.

"సయామ గారూ, దీపాల పున్నమి వస్తోంది కదండి. కమాండర్ గారు చిన్ననాటి గురువులకి మొక్కుదామనుకుంటున్నారు. టౌన్ హాల్లో. ముందు కుర్చీ మీదేనండి."

"నాకు ఒంట్లో బాగోలేదు బాబూ" అంది సయామ.

"భిక్షువులకీ బాగోలేదటండి. ఈ ఊరి నీళ్ళలోనే ఏదో ఉన్నట్టుంది." నవ్వాడు. "మీరు రాలేరని మీ అమ్మాయికి చెప్పమంటారా? పాపం, మిమ్మల్ని చూడాలనుంటుంది కదా."

సయామ బల్ల అంచు పట్టుకుంది. "ఎలా ఉంది నా బిడ్డ?"

"పున్నమినాడు హాలుకి తీసుకొస్తాం, మీరే చూద్దురు గాని. మీరు దీవించగానే మీతో ఇంటికి. మూడే మాటలండి. మన్నించాను, ఆరోగ్యంగా ఉండు, శత్రువుల మీద గెలుపు కలగాలి. నాలుగో మాట వద్దు. కెమెరా ఉంటుంది."

దీపాల పున్నమికి చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ ముందు మోకరిల్లడం ఈ దేశంలో ఉన్నదే. ఊరికే దణ్ణం పెట్టి లేస్తే చాలదు. "చేతతో, మాటతో, మనసుతో నేను చేసిన తప్పులన్నీ మన్నించమని మొక్కుతున్నాను" అని గట్టిగా చెప్పాలి. ఎదుట కూర్చున్న పెద్ద "మన్నించాను" అని దీవించాలి. మోకరిల్లినవాణ్ణి మన్నించనన్న పెద్దని నేనింతవరకు వినలేదు. వాడికి కావలసింది సరిగ్గా అదే.

సంగతి సాయంత్రానికే డా ఓన్‌కి తెలిసింది. మేం దడికి సున్నం కొడుతున్నాం. ఆవిడ కుంచె బకెట్లో పడేసి సయామ ఎదురుగా నిలబడింది.

"వెళ్తున్నావా?"

"వెళ్ళకపోతే నా బిడ్డ..."

"వెళ్ళమనే అంటున్నా. నా కొడుకుని తిరిగిస్తానంటే నేను పాక్కుంటూ వెళ్దును. వాడి బూటు నెత్తిన పెట్టుకుందును. నీ బిడ్డని నువ్వు తెచ్చుకో. ఒక్కటే అడుగుతున్నా సయామా. మన్నించాను అనేటప్పుడు నా కొడుకుని అందులో కలపకు. నా తరఫున నువ్వు మన్నించకు."

నాకు ఒళ్ళు మండింది. "ఏటమ్మా, ఆవిడ మోస్తున్నది చాలదా? ముందు పిల్ల బయటపడనీ! మాటలదేటుంది, పన్నా పాడా?"

"పన్నులు లేని మాటలైతే తుపాకీ ఉన్నోడు కెమెరా తెచ్చుకుని మరీ ఎందుకడుగుతున్నాడే, మా పే?" అంది డా ఓన్. సయామ తడి సున్నం చేతుల్ని అలాగే లుంగీకి తుడుచుకుంటూ లోపలికి పోయింది.

పున్నమినాడు ఆవిడకి బడికి కట్టుకునే ఆకుపచ్చ లుంగీ, తెల్ల జాకెట్టు నేనే ఇస్త్రీ చేశాను. చెయ్యి పట్టుకుని నడిపించడానికి నన్ను వెంట రానిచ్చారు. దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. జపం కాదు, ఆ మూడు మాటలే వల్లె వేస్తోంది. "తడబడితే పంపించరేమో మా పే" అంది. "తడబడవు. నోరు మూసుకుని నడు" అన్నాను. నాకూ భయమే, భయమేస్తే నాకు కోపమొస్తుంది, ఏం చెయ్యను?

హాలు గేటు పక్కన జీపు. వెనక వలతెర. తెర వెనక ఇన్‌జిన్. నడుం దాటే జుట్టు మెడ దాకా కత్తిరించేశారు. సయామ చెయ్యి ఎత్తింది. ఆ పిల్ల ఎత్తలేదు, మమ్మల్ని చూసిందో లేదో కూడా తెలీలేదు. సయామ నా మీద ఒరిగిపోయింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు మోసుకుంటూ లోపలికి వెళ్ళాం.

ఇంటికొక మనిషి రావాలని ఆజ్ఞ. హాలు కిటకిటలాడుతోంది, దగ్గు కూడా వినపడడం లేదు. ఇంత మందిని ఒకచోట కూర్చోబెట్టి కూడా ఇది గుంపు కాదట, ఉత్సవమట. వేదిక మీద ముసలి గురువుల కుర్చీలు, మధ్యలో సయామది. ముందు కొబ్బరికాయ, మూడు అత్తాల అరటిపళ్ళు పెట్టిన పళ్ళాలు. రాజధానినుంచి వచ్చినవాడు కెమెరా పెట్టుకుని ఉన్నాడు. నేను సయామ కాళ్ళ దగ్గర విసనకర్రతో కూర్చున్నాను. మూడో వరసలో డా ఓన్ కనబడింది.

కమాండర్ బూట్లు గుమ్మం దగ్గర విప్పి వచ్చాడు. మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు. అంతటి మనిషి చిల్లుమేజోడు చూసి కూడా నాకు నవ్వు రాలేదు. వాడు మోకరిల్లాడు. వెనక మేజర్లు, కొత్త పేటపెద్దలు, అంతా మోకరిల్లారు, సగం మంది సయామ దగ్గర చదివినవాళ్ళే. వాడు చేతులు జోడించి, కెమెరాకి ముఖం కాస్త తిప్పి మొదలుపెట్టాడు.

"నా గురువులకు చేతులు జోడించి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు మొక్కుతున్నాను."

అంతే. తప్పుల మాట లేదు, మన్నించమన్న మాట లేదు. దేశమంతా చూసే బొమ్మలో కమాండర్ నోట తప్పు అన్న మాట రాకూడదని ముందే తీసేశారట, అది తర్వాత తెలిసింది. సయామకి ఎవరూ చెప్పలేదు. ఆవిడ చెవికి పడింది ఒక్కటే: పిల్లాడు పాఠం మధ్యలో మింగాడు.

"మౌన్ న్యేన్, మధ్యలో మింగేశావు. మళ్ళీ చెప్పు."

చదువుకునే కుర్రాళ్ళని పిలిచే పిలుపు అది, మౌన్ అని. మన దగ్గర ఒరే అబ్బాయ్ అన్నట్టు. వాడి కన్నతల్లి కూడా ఆ రోజుల్లో వాణ్ణి అలా పిలిచే సాహసం చెయ్యలేదు. ఇప్పుడు ఊళ్ళో కొందరు కథలు చెబుతారు, సయామ సేనాధిపతికి ఎదురు తిరిగిందని, ఆవిడ ధైర్యమే ధైర్యమని. ధైర్యమట! ఆవిడ కాలు నా భుజానికి ఆనుకుని ఉంది, ఆకులా వణుకుతోంది. మాట అన్నాక అన్నదేమిటో తెలిసింది ఆవిడకి. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

కానీ అప్పటికే హాలు వెనకాల ఒక ముసలి గొంతు ఎత్తుకుంది. "చేతతో..." పక్కవాడు కలిపాడు. మేజర్లలో ఒకడు కళ్ళు మూసుకుని అలవాటుగా కలిపాడు. తర్వాత అందరూ. "చేతతో, మాటతో, మనసుతో, నేను చేసిన తప్పులన్నీ..." అందరికంటే పెద్ద గొంతు డా ఓన్‌ది. మొక్కుతున్న వేషంలో ఉన్నవాడు నోరు మూసుకుని ఎలా ఉంటాడు? వాడి పెదాలు కదిలాయి. "మన్నించమని" అన్న మాట నేను నా చెవులతో విన్నాను, వాడి నోటినుంచి.

ఇప్పుడు సయామ వంతు. కెప్టెన్ గేటు వైపు చూశాడు, తర్వాత ఆవిడ వైపు. నేను విసనకర్ర చాటున "ఇంజను బయటే ఉంది, గుర్తెట్టుకో" అన్నాను.

సయామ మూడో వరస వైపు చూసింది. "నాకు చేసినవన్నీ మన్నించాను" అంది. "నా వరకు మన్నించాను. ఆరోగ్యంగా ఉండు."

మూడో మాట కోసం అందరూ ఆగారు. ఆవిడకి మరిక మాట రాలేదు. కావాలని ఆపిందో, భయానికి మర్చిపోయిందో, నేనెప్పుడూ అడగలేదు. డా ఓన్ మాత్రం కళ్ళు తుడుచుకుంది.

కమాండర్ మెల్లిగా లేచాడు. నవ్వుతూనే ఉన్నాడు. వాడు కేకలేసి ఉంటే నాకింత భయం వేసేది కాదు.

"సయామ గారి లెక్క ఎప్పుడూ కచ్చితమే. మీకు చేసినవి మీరు మన్నించారు. బాగుంది. మరి మీ అమ్మాయికి చేసినవి మీ లెక్కలోకి రావు కదా? ఆ అమ్మాయినే అడుగుదాం."

వేలితో సైగ చేశాడు. ఇద్దరు సైనికులు ఇన్‌జిన్‌ని తెచ్చి తల్లి కుర్చీ పక్కన నిలబెట్టారు. ఆ ఉక్కలో ఆ పిల్లకి చేతివేళ్ళ దాకా కప్పేసే పొడుగు చేతుల చొక్కా తొడిగారు. కెమెరావాడు అటు తిరిగాడు.

"చెల్లెమ్మా, మా వాళ్ళ వల్ల నీకేమైనా కష్టం కలిగిందా? కలిగితే మన్నించానని నీ నోటితో చెప్పు. చెప్పి అమ్మతో ఇంటికెళ్ళు" అన్నాడు కమాండర్.

ఇన్‌జిన్ నేల వైపు చూస్తూ నిలబడింది. కెప్టెన్ గుమ్మం దాకా వెళ్ళి జీపు వాడికి ఏదో చెప్పాడు. బయట జీపు మోత మొదలైంది. ఆ మోత వినగానే సయామ కుర్చీలోనుంచి ముందుకి వంగి, కూతురి చొక్కా పట్టుకుంది.

"చెప్పు తల్లీ."

ఆ పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. "మన్నించాను" అంది.

"అన్నీ?" అన్నాడు వాడు.

"అన్నీ."

"వంతెన దగ్గర పోయిన నీ స్నేహితులున్నారు కదా. వాళ్ళ తరఫున కూడా?"

హాల్లో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. నేను డా ఓన్ వైపు చూడలేకపోయాను. ఇన్‌జిన్ నోరు బిగించేసింది. జీపు మోత ఆగలేదు. దేవుడా, ఆ క్షణాన ఎవరైనా కాదనమని చెప్పగలరా? నాకైతే ఆ పిల్ల ఏ మాటైనా అనేసి ఇంటికొస్తే చాలనిపించింది.

"చెప్పు తల్లీ, చెప్పేయ్" అంది సయామ. బడిలో, మర్చిపోయిన పిల్లకి అందించే గొంతు అది.

"వాళ్ళ తరఫున కూడా" అంది ఇన్‌జిన్.

కెప్టెన్ "సాధు!" అన్నాడు. పుణ్యకార్యం ముగిశాక ఇక్కడ అందరూ అనే మాట అది. హాలంతా మూడుసార్లు సాధు అనాల్సి వచ్చింది. డా ఓన్ రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. లేచి వెళ్ళడానికి గుమ్మం దగ్గర తుపాకులున్నాయి. టీవీలో ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ చూపించారు. మళ్ళీ చెప్పిన పాఠం, నా వరకు అన్న మాట, ఏవీ లేవు. ఊరు కమాండరుని దీవించింది, వంతెన మీద పోయినవాళ్ళు కూడా మన్నించారు, అంతే మిగిలింది. వారం తిరక్కుండా పెద్ద మఠంవాళ్ళకి విరేచనాలు తగ్గి, భోజనానికి వెళ్ళొచ్చారు.

పిల్లని ఇంటికి తెచ్చుకున్నామే గాని ఆ ఇంట్లో అన్నం ఉడికిన వాసన లేదు. తల్లి నీళ్ళు కాచి ఇస్తే పోసుకునేది, చాప పరిస్తే గోడవైపు తిరిగి పడుకునేది. మాట లేదు. వీధి మొదట్లో ఒక సైనికుణ్ణి నిలబెట్టారు. వాడు అటూ ఇటూ తిరిగినప్పుడల్లా ఆ పిల్ల ఒళ్ళు దగ్గరకి ముడుచుకునేది. మన్నించానన్న పిల్లకి కాపలా ఎందుకో ఎవరడుగుతారు? డా ఓన్ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. టోఫు గంప ఎత్తుకుని వేరే సంతకి మారిపోయింది. తిట్టి ఉంటే బాగుండును.

ఒక పొద్దున నేను ఉడికించిన బఠానీలూ వేడన్నమూ తీసుకెళ్ళాను. సయామ కూతురికి ముద్దలు కలుపుతోంది. ఇన్‌జిన్ చొక్కా చేతులు పైకి మడుచుకుంది, మొదటిసారి. మణికట్టు నుంచి మోచేతి దాకా కాల్చిన మచ్చలు, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"అమ్మా, మిల్లులో వాళ్ళడిగింది కూడా ఆ మాటే. స్నేహితులదే తప్పని, వాళ్ళ తరఫున నేను ఒప్పుకుంటున్నానని అనమన్నారు. రోజూ అడిగారు. నేననలేదు" అంది.

సయామ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"ఇంత కాల్చినా అనలేదమ్మా. నువ్వు చెప్పు తల్లీ అన్నావు. నాకు తెలీకుండానే నోరు తెరుచుకుంది." ఆ పిల్ల ఏడవలేదు, అదేదో లెక్క తేలనట్టు అడిగింది: "నీ వరకు నువ్వు జాగ్రత్తగా మాట్లాడుకున్నావు కదా, మైకులో జీపు దాకా వినపడింది. నా చేత ఎందుకనిపించావు?"

"నిన్ను తీసుకుపోతారని, బంగారూ" అంది సయామ.

"తెలుసు" అంది ఇన్‌జిన్.

సయామ చెయ్యి కడుక్కుంది. చాప మీద కూర్చున్న కూతురి ఎదురుగా వచ్చి మోకాళ్ళ మీద వంగింది. ఏం చెయ్యబోతోందో నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి మొక్కితే వాళ్ళ ఆయుష్షు తీసేసినట్టేనని మన దగ్గరా అంటారు, ఇక్కడా అంటారు. "సయామా, నీకు మతిపోయిందా!" అని నేను భుజం పట్టుకుని లాగాను. కదల్లేదు. చేతులు జోడించి నుదుటికి ఆనించుకుంది.

"చేతతో, మాటతో, మనసుతో..."

"లేమ్మా! లే! అలా చెయ్యకు!" ఇన్‌జిన్ తల్లి చేతులు విడదియ్యబోయింది. కాలిన చేతుల్లో బలమెక్కడిది? సయామ చెప్పుకుపోతూనే ఉంది. తప్పులన్నీ అంది, మన్నించమని అంది, ఒకసారి అంది, రెండుసార్లంది, మూడుసార్లంది. చెప్పి నుదురు నేలకి ఆనించి జవాబు కోసం అలాగే ఉండిపోయింది. తల్లి తలకంటే తన తల ఎత్తులో ఉండకూడదని ఆ పిల్ల కూడా నేలకి వంగిపోయింది. ఇద్దరి తలలూ నేల మీదే ఉన్నాయి.

వీధిలో బూట్ల చప్పుడు దగ్గరకొచ్చింది. చప్పుడు దడి పక్కనుంచి దాటిపోయింది. దాటిపోయాక కూడా ఆ పిల్ల మన్నించాను అనలేదు.